కొండెక్కిన వార్త

దీపము ఆరినదనుట అశుభమని మన పెద్దలు ‘దీపము కొండెక్కిన’దందురు. బంధుగాం ప్రాంతమునకు ప్రజాప్రభుత్వమును, దానికి ముందు దివిటీవలె నడువవలసిన వార్తయు ఏ త్రోవను వచ్చి చేరెనో తెలిసికొనబూనిన నాకు ఈ నుడికారము రెండర్థములతోను అడుగడుగున ఎదురగుచు వచ్చినది. పల్లమున వెలిగిన వార్త కనుమ లెక్కి పోవునప్పటికి ఒక్కొక్కప్పుడు నిజముగనే కొండెక్కినది. కొండపై రగిలిన మంట పల్లమువారి పత్రికలలో అచ్చుపడునప్పటికి పొగగా మాత్రమే మిగిలిన సందర్భములును తక్కువ కావు.

బంధుగాం నేడు ఒడిశా రాష్ట్రమున కొరాపుట్ జిల్లాలో ఒక బ్లాకు కేంద్రము. నారాయణపట్న కొండలనుండి జారివచ్చు జంఝావతి ఈ ప్రాంతమును తడుపుచు పార్వతీపురపు పొలములవైపు దిగిపోవును. చింతపండును, పసుపును, కొండచీపుళ్లును మోసికొని మనుష్యులును ఆ యేటి వాలుననే దిగి, ఉప్పును, ఎండుచేపలను, కిరసనాయిలును, బట్టలను మూటగట్టుకొని మరల ఎక్కుచుందురు. సంతలో చెవియొగ్గి నిలిచినవారికి మూడు భాషలు వినబడును: తమలో తాము మాటాడుకొనుటకు కువి, బేరమునకు తెలుగు, కచేరీ కాగితమునకు ఒడియా. వీనిలో మొదటిది ఇంటిభాష. దానికి లిపియు లేదు, పత్రికయు లేదు. ఈ యొక్క సంగతిని మనసున నిలుపుకొననివారికి ఈ ప్రాంతపు రాజకీయచరిత్ర ఏమియు అర్థము కాదు.

పత్రికలకు పూర్వము మాత్రము వార్త లేకపోలేదు. ఊరూర బారికి యను సేవకు డొకడుండెను. సర్కారు మనుష్యుడు గాని, జయపురము సంస్థానపు అమీను గాని పొలిమేర చేరునప్పటికి ఎదురేగి, వారి మూట తలకెత్తుకొని, వారి పలుకును ఊరినాయకునకు ఇంటిభాషలో విప్పి చెప్పి, ప్రొద్దుగుంకిన పిమ్మట ఇండ్లవరుసల నడుమ టముకు వేయుచు ఊరెల్ల చాటువాడు అతడే. శిస్తు ఏనాటికి కట్టవలయునో, దారిపనికి ఎందరు వెట్టికి పోవలయునో, ఏ అడవిలో గొడ్డలి వేయరాదో — ఆ టముకు మోసిన వార్తలన్నియు ఆజ్ఞలే. ఏటికి ఎదురీత కలదని చేపలకైనను తెలియును గాని, ఆ యాజ్ఞకు మారుపలుకును పైకి మోసికొనిపోవు బారికి మాత్రము ఎవ్వడును లేకుండెను. 1839లో చేసిన 24వ చట్టము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, కలెక్టరునే గవర్నరుగారి ఏజెంటుగా నియమించి, సమస్తాధికారములను అతని చేతిలో పెట్టినది. ‘ఏజెన్సీ’ యను మాట మన వాడుకలో నిలిచిపోవుటకు కారణ మిదియే. పల్లమున మున్సబుగారి తీర్పు నచ్చనిచో పత్రికకు ఉత్తరము వ్రాయు వకీలు ఉండును. ఏజెన్సీలో వకీలును లేడు, ఉత్తరమును లేదు.

ఆ పల్లపు కథ మనవారికి తెలిసినదే కనుక త్వరగా దాటిపోవుదును. 1874లో కందుకూరి వీరేశలింగము వివేకవర్ధనిని నెలకొల్పి, లంచములు మ్రింగు ఉద్యోగుల నడతను వీధికెక్కించినపుడు, అధికారిని అచ్చుకాగితముపై నిలువదీయవచ్చునను రుచి తెలుగువారికి తెలిసినది. 1902లో మచిలీపట్టణమున పుట్టిన కృష్ణాపత్రికకు 1907నుండి ముట్నూరి కృష్ణారావు సంపాదకుడై మూడున్నర దశాబ్దులకు పైగా ఆ పీఠమును వీడలేదు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరముపై చెరసాల కేగెను. అదే యేట కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో వారపత్రికగా ఆరంభించిన ఆంధ్రపత్రిక, 1914 ఏప్రిల్ 1న చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. తలనొప్పి మందగు అమృతాంజనము తెచ్చిన లాభముతో ప్రభుత్వమునకు తలనొప్పి కలిగించు పత్రిక నడచుట ఆ కాలపు చమత్కారములలో నొకటి. నాగేశ్వరరావు పంతులుగారి పత్రికకంటె పంతులుగారి సీసాయే కొండసంతలకు ముందుగా చేరియుండునని నేను తలంతును.

ఏలయన, పత్రిక కొండకు చేరు త్రోవ సన్ననిది. 1908-09 ప్రాంతమున విజయనగరమునుండి పార్వతీపురమునకు రైలుదారి పడెను; 1931 నాటికి అది రాయగడమీదుగా రాయపురమువరకు సాగెను. కావున చెన్నపట్టణమున అచ్చయిన కట్ట ఆలస్యముగానైనను పార్వతీపురము స్టేషనులో దిగుటకు వీలయినది. అక్కడ ప్లీడర్లును, ఉపాధ్యాయులును, వర్తకులును చదివి ముగించిన పిమ్మట ఆ కాగితము తూకమునకు అమ్ముడుపోయి కోమటి కొట్టు చేరును. కొండపల్లెకు అచ్చుకాగితము మొట్టమొదట ఉప్పుపొట్లముగానే వచ్చినదని నా యూహ. స్వరాజ్యమును గూర్చిన సంపాదకీయము నడుమ పావుసేరు ఉప్పు! ఇంటికి పోయి ఉప్పు కుండలో పోసికొని, చెమ్మగిలిన కాగితమును ఇల్లాలు పొయ్యిలో వేసియుండును. ఆమెయందు తప్పు లేదు. ఆ కాగితము ఆమెతో ఏమియు చెప్పలేదు.

అయినను ఈ కొండసీమ పత్రికలలో బహుళముగా కనబడిన కాలమొకటి కలదు. మనుష్యులు కనబడిరని నేననలేదు, సీమ కనబడినది. 1866లో మహాక్షామము నడుమ కటకమున గౌరీశంకరరాయ్ ఉత్కళదీపికను వెలువరించిననాటినుండి, ఆకలిని గూర్చి సర్కారు చెప్పనిదానిని చెప్పుటతో మొదలైన ఒడియా పత్రికారంగము, క్రమముగా చెల్లాచెదరైన ఒడియా ప్రాంతములన్నియు ఒక్క పరిపాలనక్రిందికి రావలెనను కోరికకు గొంతుకయ్యెను. 1903లో ఉత్కళ సమ్మేళనము కూడెను. 1913లో బరంపురమున శశిభూషణరథ్ ‘ఆశ’ పత్రికను స్థాపించెను. అదే 1913లో మనవారు బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ జరిపికొనిరి. అటుపై రెండు దశాబ్దులకు పైగా, బరంపురము మాదనియు, పర్లాకిమిడి మాదనియు, జయపురము మాదనియు, ఇరువైపుల పత్రికలును జనగణన పట్టికలను ఎదురెదురుగా నిలిపి వాదించుకొనెను. 1924లో ఫిలిప్, డఫ్ అను ఉద్యోగులు విచారణకు వచ్చిరి. 1931లో ఓడొనెల్ అధ్యక్షతను సరిహద్దుల కమిటీ ఏర్పడెను. 1933 నాటి శ్వేతపత్రమున జయపురమును, పర్లాకిమిడియు ఒడిశాకు లేకుండెను. మరుసటి యేడు పార్లమెంటరీ సంయుక్తసంఘము జయపురమునంతను, పర్లాకిమిడిలో కొంతభాగమును చేర్చవలెననెను. 1936 ఏప్రిల్ 1న, అనగా ఆంధ్రపత్రిక దినపత్రికయై సరిగా ఇరువదిరెండేండ్లు నిండిననాడు, కొరాపుట్ సీమ మద్రాసు రాజధానిని విడిచి క్రొత్త రాష్ట్రమున చేరెను.

ఈ వివాదమంతయు ప్రజాస్వామ్యపు పరిభాషలోనే నడచినదని గమనింపవలెను. జనాభిప్రాయ మనిరి, మాతృభాష యనిరి, మహజర్లు పంపిరి, సభలు చేసిరి, తీర్మానములు అచ్చువేసిరి. పాఠకుడు తీర్పరి యగుట నేర్చుకొనెను. రాష్ట్రమనునది రాజు గీచిన గీత కాదనియు, జనులు అడిగి తెచ్చుకొనవచ్చుననియు తెలుగువాడును ఒడియావాడును ఈ పోరులోనే గ్రహించిరి. పత్రికలు చేసిన ఈ మేలు చిన్నది కాదు. కాని జయపురపు కొండలలో పెక్కుమందికి మాతృభాష తెలుగును కాదు, ఒడియాయును కాదు. ఇద్దరు అన్నదమ్ములు దావా వేసికొన్న పొలములో కాపురమున్న పాలికాపును కోర్టు పిలిచి అడుగనట్లు, కువి మాటాడువానిని ఏ పత్రికయు అడుగలేదు. అడిగినను, అతని మారుపలుకు అచ్చువేయు అక్షరములు ఏ ముద్రాశాలలోను లేవు.

ఆ లోటును ఆ కాలమున ఎరిగినవాడు మనలో ఒకడు కలడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో అర్ధశతాబ్దికి మించి నివసించి, సవరల యిండ్లకు పోయి వారి భాష నేర్చి, వారికి బడులు పెట్టి, వ్యాకరణమును నిఘంటువును కూర్చినవాడు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరగా ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. 1940 జనవరిలో, తనువు చాలించుటకు వారము దినములముందు, చెన్నపట్టణమున ప్రజామిత్ర కార్యాలయములో పత్రికలవారిని సమావేశపరచి, జనులు మాటాడు భాషలోనే వ్రాయుడని తుది విన్నపము చేసికొనెను. ఆయన జీవితమంతయు ఏ గ్రాంథికమును ఎదిరించెనో ఆ గ్రాంథికమున నేనీ మాట వ్రాయుచుండుట నాకును నవ్వు పుట్టించుచున్నది. అభ్యాసదోషమని పాఠకులు క్షమింతురు గాక. సవరపల్లెలో కూర్చుండి పాఠము చెప్పినవానికే, పత్రికాభాష రైతుకు అందకున్నచో వోటు అందుటయు బూటకమే యగునని తోచుట సహజము. కువికి మాత్రము ఆనాడు అట్టి గిడుగు దొరకలేదు.

క్రొత్త రాష్ట్రమున ప్రజాస్వామ్యము కొండకు సగమే చేరెను. 1935 నాటి రాజ్యాంగచట్టము క్రింద కొరాపుట్ జిల్లా యంతయు పాక్షికముగా మినహాయింపబడిన ప్రదేశము. శాసనసభ చేసిన చట్టము గవర్నరు అనుమతి లేనిదే అచట చెల్లదు. 60 మంది సభ్యులు గల తొలి ఒడిశా శాసనసభలో 56 మందిని వోటర్లు ఎన్నుకొనగా, నలుగురిని ప్రభుత్వమే నియమించెను. అప్పు తీర్చలేక షావుకారు ఇంట తరతరముల పాటు పాలికాపులై పడియుండు గొత్తి యాచారమును ఒడిశా ప్రభుత్వము నిషేధించుట 1948కి గాని జరుగలేదు. ఆ గొత్తిలో నలిగిన యొక పరజా కుటుంబపు కథను దినపత్రికలకంటె సమగ్రముగా లోకమునకు తెలిపినది 1945 నాటి ‘పరజా’ యను ఒడియా నవల. దానిని వ్రాసిన గోపీనాథ మహాంతి ఆ జిల్లాలో ఉద్యోగము చేసినవాడే. విలేకరి కొండెక్కనిచోట నవలాకారుడు ఎక్కెను.

1942 ఆగస్టు వచ్చెను. పత్రికలపై కట్టుదిట్టములు బిగిసియున్న కాలమది. ఆగస్టు 21న మత్తిలి పోలీసుఠాణా యెదుట, 24న పాపడహాండి యొద్ద తుపాకులు ప్రేలెను. తెంతులిగుమ్మ గ్రామ నాయకుడగు లక్ష్మణ్ నాయక్, మత్తిలి గందరగోళమున ఒక అటవీరక్షకుడు చనిపోయిన కేసులో నేరస్థుడుగా నిర్ణయింపబడి, 1943 మార్చి 29న బరంపురము జైలులో ఉరితీయబడెను. అచ్చులో వార్త లేదు గనుక కొండలలో వార్త ఆగినదని తలంపరాదు. బారికి టముకు మోసిన త్రోవలనే ఇప్పుడు మరియొక మాట, టముకు లేకయే, సంతనుండి సంతకు పాకెను: దొరతనము పోయినదట. ఆ మాట అయిదేండ్లు ముందుగా వచ్చిన వార్త. కాగితముపై అబద్ధము, కాలముమీద నిజము. ఆజ్ఞ కాని వార్త, క్రిందినుండి పుట్టిన వార్త, ఈ కొండలలో నడచిన తొలి సందర్భములలో ఇది యొకటి యని నాకు తోచును.

హైదరాబాదు సంస్థానమున మనవారి అనుభవము వేరు. అచట 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను స్థాపించి, సభ జరుపుటకే అనుమతి దొరకని రాజ్యమున అక్షరమునే సభగా మలచెను. రాజరికమునుండి ప్రజారాజ్యమునకు దాటు సంధికాలమున, భారతదేశమున విలీనమే శ్రేయమని వ్రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హంతకులు చేయి నరికి చంపిరి; నెలలోపలనే భారతసేనలు ప్రవేశించెను. వ్రాసిన చేతిని నరుకుటలో, ఆ చేతికి వారెంత భయపడిరో తెలియుచున్నది. జయపురమున అంతటి ఘర్షణ జరుగలేదు. అచటి మహారాజు విక్రమదేవవర్మ తెలుగున, ఒడియాన కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాత. ఆయన 1951లో గతించెను. జమీందారీల రద్దు చట్టము సంస్థానమును తనలో కలుపుకొనెను. ఏ పత్రికాసంపాదకుని రక్తమును చిందకుండగనే రాజు పోయి వోటరు వచ్చెను.

ఆ వోటరు వచ్చిన తీరు విచిత్రమైనది. 1951-52 నాటి తొలి సార్వత్రికపు ఎన్నికలలో అభ్యర్థి కొక పెట్టె, పెట్టెపై ఒక గుర్తు. జోడెద్దుల బొమ్మగల పెట్టెలో చీటి వేయుటకు చదువక్కరలేదు. ఐరోపాలో పత్రికకును ప్రజాస్వామ్యమునకును గల పొత్తును వర్ణించువారు, 1989 మే 8న పోలండులో వెలువడిన ‘గజెతా విబొర్చా’ను తప్పక పేర్కొందురు, దాని పేరునకే ఎన్నికల పత్రిక యని అర్థము, జూన్ నెల ఎన్నికలకై పుట్టినది. స్పెయినులో ఫ్రాంకో మరణించిన ఆరు నెలలలోపల, 1976 మే 4న ‘ఎల్ పాయిస్’ వచ్చెను. అచట చదువరు లుండిరి, పత్రికకు స్వేచ్ఛ లేకుండెను. స్వేచ్ఛ రాగానే చదువరి వోటరయ్యెను. బంధుగాం సీమలో క్రమము తలక్రిందులు. వోటు ముందు వచ్చినది, అక్షరము వెనుక వచ్చినది. పత్రిక చేయవలసిన పనిని తొలుదొల్త ఎద్దుల బొమ్మ చేసినది. దీనిని వెక్కిరించినవారు పల్లమున పెక్కుమంది యుండిరి. అక్షరము తెలియనివానికి వోటెందుకను ఆ పెద్దమనుష్యుల ప్రశ్నకు, అక్షరము తెలిసినవారు నూరేండ్లు ఆ అక్షరముతో వానికేమి చేసిరను ప్రశ్నయే సరియైన సమాధానము.

తరువాతి కథలో కొండలు మరల వార్తకెక్కినది తుపాకి ప్రేలినప్పుడే. 1967 అక్టోబరు 31న సరిహద్దునకు ఆవల, నాటి శ్రీకాకుళము జిల్లా మొండెంఖల్లులో గిరిజన సంఘపు సభకు పోవుచున్న ఇద్దరు లేవిడి యొద్ద హతులైరి. అటుపై రగిలిన గిరిజనోద్యమముతో మూడేండ్లు ఆ జిల్లా పేరు లేని పత్రిక లేదు. పోలీసుల ప్రకటనయు, ఉద్యమకారుల కరపత్రమును — ఈ రెండింటి నడుమ ఊరివాని మాట ఎచటనో జారిపోయెను. 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున ‘ఈనాడు’ మొదలై, పిమ్మట జిల్లాల అనుబంధములు వచ్చి, మండలమున కొక విలేకరి ఏర్పడిన తరువాత మన పల్లపు గ్రామములకు వార్త తెల్లవారకమున్నే అందెను. కాని ఆ అనుబంధము జిల్లా పొలిమేరయొద్ద ఆగును. జంఝావతి యాగదు గాని పుట ఆగును.

ఆకలి విషయమున పత్రిక ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఈ కొండలు చూపినట్లు మరియొకచోటు చూపదు. స్వేచ్ఛగల పత్రికలున్న ప్రజాస్వామ్యమున మహాక్షామము రాదని అమర్త్యసేన్ సిద్ధాంతము. 1866తో పోల్చి చూచినవారు కాదనలేరు. కాని ప్రతియేట చడిచప్పుడు లేక వచ్చి పోవు కరవునకు పతాకశీర్షిక లేదు. పాలగుమ్మి సాయినాథ్ 1990 దశకపు తొలి యేండ్లలో కొరాపుట్, మల్కనగిరి, కలహండి ప్రాంతములలో తిరిగి వ్రాసినవి 1996లో గ్రంథరూపమున వచ్చినపుడు చదువరులు ఉలికిపడిరి. వాటిలో తుపాకి లేదు, బడికప్పు లేదు, వైద్యుడు లేడు, అప్పు మాత్రము కలదు. 2001లో రాయగడ జిల్లా కాశీపురమున మామిడిటెంకల పిండి తిని జనులు మరణించినపుడు దేశమంతయు కెమెరాలతో కొండెక్కెను. టెంకను పగులగొట్టి, లోని జీడిని పలుమారులు కడిగి, విషము పోగొట్టి, ఎండబెట్టి, విసరి అంబలి కాచుకొనుట ఆ ప్రాంతమున వానకాలపు అలవాటు. చెడినపిండియే కారణమని ఒకరు, ధాన్యము లేకపోవుటయే కారణమని ఒకరు రాజధానులలో తగవులాడిరి. మూడు నాలుగు వారములకు కెమెరాలు దిగిపోయెను.

బంధుగాం, నారాయణపట్న బ్లాకుల పేరు ఒకేసారి దేశమున మారుమ్రోగినది 2009లో. అన్యాక్రాంతములైన భూములకై, సారాకు ఎదురుగా, చాసీ మూలియా ఆదివాసీ సంఘము లేచి నిలువగా, నవంబరు 20న నారాయణపట్న పోలీసుఠాణా యొద్ద జరిగిన కాల్పులలో ఇద్దరు మరణించిరి. 2012 మార్చి 24న ఈ బ్లాకులు చేరియున్న లక్ష్మీపురము నియోజకవర్గపు శాసనసభ్యుడు ఝిన హికాకాను మావోయిస్టులు అపహరించి, 33 దినముల పిమ్మట ఏప్రిల్ 26న విడిచిరి. ఆ నడుమ వారి షరతులు ధ్వనిముద్రికలుగా విలేకరులకు చేరెను. ప్రభుత్వపు మాటలు విలేకరుల మూలముననే అడవికి చేరెను. జనులు ఎన్నుకొన్నవాని ప్రాణము జనులు చదువని పత్రికల మీదుగా బేరమాడబడెను. ఆ దినములలో కొండదారిని మోటారుసైకిలుపై ఎక్కి దిగిన విలేకరిలో నాకు బారికియే కనబడెను. భేదమొక్కటే, ఇతడు రెండువైపులకును మోసెను.

నేను చూచిన దొకటి చెప్పి ముగింతును. సంతరోజున, ప్రొద్దు ఇంకను వాలకమునుపు, టీకొట్టు బల్లపై కూర్చుండి యొక నడివయసువాడు తెలుగు దినపత్రిక చదువుచుండెను. తెలుగున ఒక వాక్యము బిగ్గరగా చదువును, కువిలో దానిని నాలుగు వాక్యములు చేయును, చుట్టునున్నవారు ఒకటి రెండు ప్రశ్నలు వేయుదురు, అతడు పత్రికలో లేని సమాధానమును చెప్పును, నవ్వులు పుట్టును. అది పార్వతీపురపు సంచిక. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా వార్తలతో పుట నిండియుండెను. అడ్డాకుల మోపు దించుకొని ప్రక్కన చతికిలబడిన యొక ముసలమ్మ చాలసేపు విని, ఏదో అడిగినది. ఏమనినదని నేను ప్రక్కవానినడిగితిని. తమ యూరి వాగుమీది వంతెన సంగతి అందులో ఉన్నదా అని యడుగుచున్నదట. చదువువాడు ముందుపుట చూచి, వెనుకపుట చూచి, మడత విప్పి నడిమిపుటయు చూచి, లేదనెను. అది ఒడిశా వంతెన, ఇది ఆంధ్ర కాగిత మని వివరించెను. ఆమె తల యూపి, మరి చింతపండు ధర ఉన్నదా యనెను. ఉన్నది. అతడు చదివెను.